‘అసలు పేరు’: సాహిత్య పరిశోధనలో ఒక దురాచారం

ఆధునిక తెలుగు కవిత్వంపై మన విశ్వవిద్యాలయాల్లో వెలువడిన సిద్ధాంత గ్రంథాల్లో ఏదో ఒకటి తీసి, కవి పరిచయం ఉన్న పుట తెరిస్తే ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: ‘వీరి అసలు పేరు ఫలానా’. ఆ వాక్యం పోటీపరీక్షల ప్రశ్నపత్రాల్లో ‘కలం పేర్లను అసలు పేర్లతో జతపరచండి’ అనే ప్రశ్నగా మారుతుంది. మౌఖిక పరీక్షల్లో పరీక్షకుడికి వేరే ప్రశ్న తోచనప్పుడు అదే అక్కరకొస్తుంది. ఈ వ్యాసకర్త కూడా చాలాకాలం విద్యార్థులను ఆ ప్రశ్న అడిగినవాడే. జవాబు తడుముకోకుండా చెప్పినవారిని చదువుకున్నవారిగా లెక్కగట్టినవాడే. ఆ అలవాటు తప్పని ఈ వ్యాసం వాదిస్తుంది. అది మర్యాదకు సంబంధించిన లోపం మాత్రమే కాదు, పరిశోధన పద్ధతికి సంబంధించిన దోషం కూడా.

వాదన క్లుప్తంగా ఇది. ఒక వ్యక్తి తనకు తానుగా ఒక పేరు పెట్టుకొని, ఆ పేరుతో లోకంలో నిలబడి, ఆ పేరుతో చేసిన పనికి బాధ్యత వహిస్తే అదే ఆ వ్యక్తి పేరు. అంతకు ముందున్నది పూర్వనామం. దానికి ‘అసలు’ అనే విశేషణం తగిలించడం వాస్తవ నివేదన కాదు, తీర్పు. ఆ తీర్పు చెప్పే అధికారం పరిశోధకుడికి లేదు.

‘అసలు’ అనే విశేషణం

‘అసలు’ అరబ్బీ నుంచి మనకు వచ్చిన మాట. వేరు, మూలం అని దాని అర్థం. తెలుగులో అది ముందుగా లావాదేవీల్లో స్థిరపడింది: అసలూ, వడ్డీ. ఆ జంటలో అసలు నిలిచి ఉండేది, వడ్డీ దాని మీద పెరిగేది. పేరు విషయంలో ఈ మాట వాడినప్పుడు తల్లిదండ్రులు పెట్టినది మూలధనమనీ, మనిషి స్వయంగా ఎంచుకున్నది దాని మీద పుట్టిన అదనమనీ ఊహ కలుగుతుంది. ‘అసలు’కు ఎదురుమాటగా ‘నకిలీ’ కూడా మన భాషలో ఉంది. ఒక పేరును అసలు అన్నామంటే రెండో దాన్ని ఏమన్నామో చెప్పనక్కరలేదు.

మన శాస్త్ర సంప్రదాయం నామాన్ని ఇలా చూడలేదు. మహాభాష్యకారుడు శబ్దాలను జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా శబ్దాలని నాలుగు విధాలుగా చెప్పాడు. ఆలంకారికులు ఆ విభాగాన్ని స్వీకరించి, యదృచ్ఛా శబ్దానికి డిత్థుడు అనే పేరును ఉదాహరణగా చూపుతూ వచ్చారు. వ్యక్తినామం వస్తువు స్వభావం నుంచి పుట్టదు. పెట్టినవారి ఇచ్ఛ నుంచి పుడుతుంది, వ్యవహారంలో నిలబడుతుంది. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. అక్కడ సంజ్ఞ అంటే శాస్త్రకారుడు చేసుకున్న ఏర్పాటు. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరూ సంకేతమే, ముప్పయ్యో ఏట ముఖపత్రం మీద అచ్చువేసుకున్న పేరూ సంకేతమే. రెండింటికీ తేడా ఒక్కటే: మొదటిది ఇతరుల ఇచ్ఛ, రెండోది తన ఇచ్ఛ. ఇతరుల ఇచ్ఛకే ‘అసలు’ అనే గౌరవం ఎందుకు దక్కాలో ‘అసలు పేరు’ రాసేవారు చెప్పాలి.

పూర్వాశ్రమ నామం

ఈ గౌరవం మనం అందరి విషయంలోనూ ఒకే తీరుగా పాటించడం లేదన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. సన్న్యాసం స్వీకరించినవారి తొలిపేరుకు మన భాషలో ఎంతో మర్యాదగల మాట ఉంది: పూర్వాశ్రమ నామం. హైదరాబాదు రాష్ట్ర కాంగ్రెస్‌కు నాయకత్వం వహించిన స్వామి రామానంద తీర్థ ఆ పేరుతోనే చరిత్ర గ్రంథాల్లో ఉన్నారు. నాందేడ్‌లోని విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. ఆయన పూర్వాశ్రమ నామం తెలిసినవారు తెలిసినట్టే ఊరుకుంటారు. అరుణాచలంలో వేంకటరామన్ అనే యువకుణ్ణి కావ్యకంఠ గణపతి ముని 1907లో రమణ మహర్షి అన్నాడు. ఆ రోజు నుంచి లోకానికి అదే పేరు. యతిని ఎదురుగా కూర్చోబెట్టుకొని పూర్వాశ్రమ నామం అడగడం అమర్యాదని పల్లెలో చదువురాని ముసలివాళ్లకూ తెలుసు.

అంటే, ఒక మనిషి ఒక జీవితాన్ని విడిచి మరొక జీవితంలోకి నడిచినప్పుడు పేరు మారుతుందనీ, మారిన పేరే పేరనీ మన సమాజానికి తెలియక కాదు. దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారితే మనం అభ్యంతరపెట్టం. చలం కొమ్మూరివారింట పుట్టి, మాతామహుడికి దత్తుడై గుడిపాటివాడయ్యాడు; ఆయన ‘అసలు ఇంటిపేరు’ గురించి ఎవరూ గుచ్చి అడగరు. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారితే అది మారినట్టే గుర్తించం, అంత సహజమనుకుంటాం. బడిలో చేర్చుకొనేటప్పుడు పంతులుగారు తన చెవికి ఇంపుగా ఉన్న పేరు రాసుకుంటే ఆ పేరే పదవ తరగతి పత్రంలోకి ఎక్కి జీవితాంతం చెల్లుబాటవుతుంది.

ఈ ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే ఒక నియమం బయటపడుతుంది. గురువు, తండ్రి, మామగారు, పంతులు మార్చిన పేరును సమాజం అడ్డుచెప్పకుండా ఒప్పుకుంటుంది. మనిషి తానుగా మార్చుకున్న పేరునే అనుమానిస్తుంది. దానికే ఆధారాలు అడుగుతుంది, దాని పక్కనే కుండలీకరణాలు వేస్తుంది. కాబట్టి ‘అసలు పేరు’ అనే మాట పేర్ల వాస్తవికతకు సంబంధించినది కాదు. పేరు పెట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అది సమాజం ఇస్తున్న జవాబు.

దిగంబర కవులు: పేరే ప్రకటన అయినప్పుడు

సాహిత్యచరిత్రలో దీనికి అన్నిటికన్న స్పష్టమైన నిదర్శనం దిగంబర కవులు. 1965లో వారి మొదటి సంపుటిని హైదరాబాదులో పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న: ఈ ఆరు పేర్లూ ఆ కవులు పూనికతో పెట్టుకున్నవి. వారు విడిచిన పేర్లలో రెడ్డి ఉంది, ఆచారి ఉంది, రావు ఉంది. పేరు చెప్పగానే కులం తెలిసే ఏర్పాటును తెంచుకోవడం వారి కార్యక్రమంలో భాగం. సంవత్సరానికి, ఋతువులకు, వారాలకు కూడా వారు కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు బాగున్నాయా లేదా, ఆ కవిత్వం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. పేరు మార్పు అక్కడ కవిత్వానికి బయట ఉన్న అలంకారం కాదు. కవిత్వంలోని మొదటి వాక్యం.

ఆ వాక్యాన్ని మన పరిశోధన ఎలా చదివింది? ప్రతి పేరు పక్కనా కుండలీకరణం వేసి, వారు విప్పి పారేసిన ఇంటిపేరునూ కులనామాన్నీ ఏరి తెచ్చి మళ్లీ తొడిగింది. దిగంబర కవిత్వంలోని కుల నిరసనను అధ్యాయాలకు అధ్యాయాలుగా మెచ్చుకొనే గ్రంథమే కవి పరిచయంలో ఆ నిరసనను రద్దు చేస్తుంది. దీన్ని వైరుధ్యంగా మనం గమనించకపోవడం ఆశ్చర్యం. 2020 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం ‘అగ్నిశ్వాస’ కవికి నిఖిలేశ్వర్ అనే పేరుమీదే వచ్చింది. ఒక జాతీయ సంస్థ అంగీకరించిన పేరును ఆ కవి భాషలోని పరిశోధకులు ‘కలం పేరు’ అని పక్కకు జరపడం ఏ ప్రమాణంతో?

ఈ వ్యాసంలో ఆ ఆరు పేర్ల పక్కన కుండలీకరణాలు లేవు. వాదన అర్థం కావడానికి అవి అవసరపడలేదని పాఠకులు గమనించే ఉంటారు.

పోలీసు దస్త్రాలకు ‘అలియాస్’ అనే మాట ఉంది. నిజాం కాలపు కాగితాల్లో ‘ఉరఫ్’ ఉండేది. నిందితుడు పేరు మార్చుకొని తప్పించుకుంటాడన్న అనుమానం మీద ఆ పద్ధతి నిలిచింది. దస్త్రానికి ఆ అవసరం ఉండవచ్చు. సాహిత్యచరిత్ర రాసేవాడికి కవి నిందితుడు కాడు. అయినా మన పరిచయ వాక్యం నిర్మాణం ఆ దస్త్రం నుంచి తెచ్చుకున్నట్టే ఉంది.

ఇంటిపేరు విడిచిన రచయిత్రి

రచయిత్రుల విషయంలో ఈ దురాచారం మరో రూపం తీసుకుంటుంది. రంగనాయకమ్మ తొలి రచనలు ముప్పాళ్ళ రంగనాయకమ్మ పేరుతో అచ్చయ్యాయి. ఆ తరువాత ఆమె ఇంటిపేరు లేకుండా రంగనాయకమ్మ అని మాత్రమే రాసుకున్నారు. దశాబ్దాలుగా ఆమె పుస్తకాల ముఖపత్రాల మీద ఉన్నది ఆ ఒక్క మాటే. అయినా ఆమె విడిచిన ఇంటిపేరును నేటికీ వ్యాసాల్లోనూ పుస్తక సూచీల్లోనూ కొందరు ముందు చేర్చి రాస్తారు. స్త్రీకి ఇంటిపేరు తండ్రి నుంచో భర్త నుంచో రావడం ఎందుకని ప్రశ్నించిన రచయిత్రి మీద ఆ ఇంటిపేరునే మోపడం చదువురాని పని. రాసినవారు మాత్రం చదువుకున్నవారు.

బీనాదేవి పేరు ఈ పద్ధతిని ఇంకోలా పరీక్షిస్తుంది. అది భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. 1990లో భర్త మరణించిన తరువాత కూడా ఆమె ఆ పేరుతోనే రాశారు. ‘బీనాదేవి అసలు పేరేమిటి?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఇద్దరి పేర్లు చెబితే తరువాతి రచనలకు అతకదు. ఒకరి పేరు చెబితే తొలి రచనలకు అన్యాయం. ఆ రచనలన్నిటికీ సరిపోయే పేరు బీనాదేవి ఒక్కటే. ప్రశ్న తప్పయినప్పుడు జవాబు కుదరకపోవడం సహజం.

పంచముడు కాదు, ఆది ఆంధ్రుడు

పేరు ఎంచుకొనే హక్కు కవుల ముచ్చట కాదనడానికి 1917 బెజవాడ సభ సాక్ష్యం. ‘పంచమ’ సభగా ఏర్పాటైన ఆ సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచమ అనే పేరును తమవారెవరూ ఎంచుకోలేదనీ, తాము ఈ నేల తొలివాసులమనీ వాదించి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్పించాడు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పాత పేర్ల స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యం ఆది హిందువులనే పేరును నమోదు చేసింది. ఒక జనసమూహం తన పేరు తాను చెప్పుకోవడానికీ, ప్రభుత్వం ఆ పేరు రాయడానికీ మధ్య ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో జరిగిన పనినే మనం ఉద్యమం అంటున్నాం.

భాగ్యరెడ్డి వర్మ సొంత పేరులోనూ ఆ పోరాటమే ఉంది. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన వ్యక్తి, ఈ నేలను ఒకప్పుడు ఏలినవారు తమవారేనన్న భావంతో ‘రెడ్డి’నీ, ఆర్యసమాజం ఇచ్చిన ‘వర్మ’నూ పేరులో నిలుపుకున్నాడు. ఇక్కడ పూర్వనామాన్ని చెప్పవలసి వచ్చింది. ఆ మార్పే చెప్పవలసిన విషయం కనుక. విషయమైనప్పుడు పూర్తి వాక్యంలో, కారణంతో సహా చెప్పాలి. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా కుండలీకరణంలో ఇరికించి చెప్పడం వేరు. మొదటిది చరిత్ర, రెండోది వెనక్కి లాగడం. ఊళ్లో ఎల్లయ్యను ఎల్లిగాడని పిలిచిన నోటికి, ఎల్లయ్య తన పేరు తాను పూర్తిగా చెప్పుకున్నప్పుడు కలిగే చిరాకు ఎలాంటిదో ఈ దేశంలో అందరికీ తెలుసు. ఆ చిరాకు పరిశోధన భాషలోకి మర్యాదస్థుడి వేషంలో రాకూడదు.

అభ్యంతరాలు

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు, మూడూ పరిశీలించదగినవే.

మొదటిది గుర్తింపు. ఒకే రచయిత రెండు మూడు పేర్లతో రాస్తే అవన్నీ ఒకరివేనని తెలియాలి కదా? తెలియాలి. దానికి గ్రంథాలయ శాస్త్రం ఎప్పుడో దారి చూపింది. 1978లో రెండో కూర్పుగా వెలువడిన ఆంగ్లో అమెరికన్ సూచీకరణ నియమావళి, రచయితను లోకం ఏ పేరుతో ఎరుగునో ఆ పేరునే ప్రధాన శీర్షికగా తీసుకొని, తక్కిన పేర్ల నుంచి దానికి ‘చూడుడు’ సూచనలు ఇమ్మంటుంది. ఏది అసలు, ఏది నకిలీ అన్న విచారణ అక్కడ లేదు. మన సిద్ధాంత గ్రంథాలు మన గ్రంథాలయాధికారుల కన్న వెనుకబడి ఉన్నాయి.

రెండోది కులాన్ని దాచడం. ఇది బరువైన అభ్యంతరం. అగ్రకులంలో పుట్టినవాడు కులనామం తీసేసుకొని కులం లేనివాడిగా చలామణి అవుతాడు. పేరు పోయినా పలుకుబడి పోదు. దళిత విమర్శ ఈ సంగతిని సరిగానే ఎత్తిచూపింది. అయితే దానికి మందు కుండలీకరణం కాదు. ఒక కవి సామాజిక స్థానం అతని దృష్టిని ఎలా తీర్చిందో చెప్పదలిస్తే విమర్శకుడు దాన్ని వాదనగా చెప్పాలి, కవితల్లో చూపాలి. పేరు పక్కన కులనామం వేసి ఊరుకోవడం విశ్లేషణకు ప్రత్యామ్నాయం కాదు, విశ్లేషణ ఎగవేత. పైగా అదే కుండలీకరణం, అవమానం తప్పించుకోవడానికి పేరు మార్చుకున్న దళితుడికీ తగులుతుంది. ఒకరి ముసుగు తీయడానికి వేసిన గాలం ఇంకొకరి గాయం రేపుతుంది.

మూడోది బాధ్యత. మారుపేరు చాటున ఎవరినైనా ఏమైనా అనవచ్చు కదా? నిజమే. అందుకే దాక్కోవడానికి వాడిన మారుపేరునూ నిలబడడానికి ఎంచుకున్న పేరునూ వేరుచేయాలి. చెరబండరాజు ఆ పేరుతోనే సభల్లో పాడాడు, ఆ పేరుతోనే విప్లవ రచయితల సంఘంలో పనిచేశాడు, ఆ పేరుతోనే జనం జ్ఞాపకంలో ఉన్నాడు. ఎదురుగా నిలబడి తన పేరు తాను చెప్పుకున్నవాణ్ణి ముసుగు వేసుకున్నవాడితో సమానం చేయడం న్యాయం కాదు.

ఈనాటి అవసరం

ఇంతవరకు చెప్పినది గతించిన తరాల విషయమైతే, దీన్ని పరిభాషా చర్చగా వదిలేయవచ్చు. కాని ఈ అలవాటు ఇవాళ మన తరగతి గదిలో కూర్చున్న మనిషిని తాకుతోంది.

ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం లభించింది. ఇప్పుడు తెలుగు శాఖల్లో ఆ గ్రంథం మీద పరిశోధన జరుగుతుంది, జరగాలి. ఆ పరిశోధకుడు కూడా పాత మూసలోనే ‘వీరి అసలు పేరు’ అని మొదలుపెడితే ఏమవుతుంది? ఒక మనిషి ఇల్లు, ఊరు, దెబ్బలు, ఆకలి దాటి చేరుకున్న పేరును ఒక్క విశేషణంతో అబద్ధం చేసినట్టవుతుంది. ‘నువ్వు ఆడదానివి కావు’ అని ఆమెను కొట్టినవారు చెప్పిన మాటనే విశ్వవిద్యాలయం నాజూకుగా చెప్పినట్టవుతుంది. పూర్వనామాన్ని ఆమె తన కథలో ఎక్కడ, ఎందుకు చెప్పుకున్నారన్నది ఆమె ఇష్టం. మనం దాన్ని పరిచయ వాక్యంగా మార్చడానికి అది అనుమతి కాదు.

చట్టం ఈ విషయంలో మనకన్న ముందే కదిలింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసు తీర్పులో తన లింగ అస్తిత్వాన్ని తానే నిర్ణయించుకొనే హక్కును గుర్తించింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం గుర్తింపు పత్రం పొందిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి జనన ధ్రువపత్రంతో సహా అధికార పత్రాల్లో పేరు మార్చుకొనే హక్కు ఇచ్చింది. ఆ పత్రం కోసం మనిషి అధికారి ముందు నిలబడవలసి రావడం మీద విమర్శలున్నాయి, ఉండవలసినవే. అయితే అధికారి సంతకం పెట్టాక కూడా హాజరు పట్టీలో పాత పేరు పిలిచే అధ్యాపకుడి మీద ఏ చట్టమూ పూర్తిగా పనిచేయదు. అక్కడ పనిచేయవలసినది మన సంస్కారం. పదిమంది ముందు పాత పేరు బిగ్గరగా పిలిస్తే ఆ విద్యార్థి తలెత్తి ‘ప్రెజెంట్’ అనాలా, మౌనంగా ఉండి గైర్హాజరు వేయించుకోవాలా? ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా నష్టపోయేది విద్యార్థే. ఆ స్థితిని కల్పించినది మన నోరు.

ప్రతిపాదనలు

కనుక తెలుగు శాఖల ముందు ఈ నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి: సిద్ధాంత గ్రంథాల్లో, పాఠ్యపుస్తకాల్లో, ప్రశ్నపత్రాల్లో ‘అసలు పేరు’ అనే మాటను మానుకోవాలి. అవసరమైనచోట ‘పూర్వనామం’ అనాలి. యతులకు ఇచ్చిన మర్యాదను కవులకూ ఇవ్వడానికి కొత్త మాట వెతకనక్కరలేదు. రెండు: పూర్వనామం జీవితచరిత్రలో దానికి తగిన చోట, తగిన కారణంతో, ఒక్కసారి చెబితే చాలు. విషయసూచికలోనూ అకారాది పట్టికలోనూ రచయిత ఎంచుకున్న పేరే ప్రధాన శీర్షిక కావాలి. మూడు: లింగ అస్తిత్వం కారణంగా పేరు మార్చుకున్న వ్యక్తుల పూర్వనామాన్ని వారి అనుమతి లేనిదే అచ్చువేయరాదు, అడగరాదు. నాలుగు: పరిశోధక విద్యార్థి తన గ్రంథం ముఖపత్రం మీద ఏ పేరు కోరుకుంటే ఆ పేరు ఉండాలి. పట్టా కోసం కార్యాలయానికి కావలసిన పేరు కార్యాలయం కాగితంలో ఉంటుంది.

వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడుకున్నది కాదు. మూడింటికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. వచ్చే మౌఖిక పరీక్షలో పరీక్షకుడు ‘ఈ కవి అసలు పేరేమిటి?’ అని అడిగితే, విద్యార్థి నదురు బెదురు లేకుండా ‘చెరబండరాజు’ అని చెప్పాలి. పరీక్షకుడు ఆ జవాబుకు పూర్తి మార్కులు వేయాలి.